లోపల నలుపు, ఒంటికి చిల్లులు: శ్మశానం అనుకున్న పొలంలో పెంకులు ఏం చెప్పాయి

పాత కుండ పెంకులు చూపించి జనం మామూలుగా అడిగేది "ఇవి ఎన్నేళ్ల నాటివి?" అని. ఈ కేసులో అడిగింది అది కాదు. ఒక రైతు రెండు గోనె సంచుల పెంకులు ముందు పోసి "సారూ, నా పొలం శ్మశానమేనా కాదా, ఒక్క మాట చెప్పున్రి" అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పాలంటే అవి ఏ పాత్రల ముక్కలో, ఆ పాత్రల్లో జనం ఏం చేసుకున్నారో ముందు తేలాలి. ఆకారం చూసి వాడుక చెప్పేయొచ్చనే నమ్మకం మన దగ్గర చాలా గట్టిగా ఉంది, పురావస్తు శాస్త్రం చదువుకున్నవాళ్లలో కూడా. అది ఎక్కడ చాలదో, చాలనప్పుడు దేన్ని పట్టుకోవాలో ఈ పెంకుల్లో బాగా కనిపించింది కాబట్టి మొత్తం రాస్తున్నాను.

ఊరి పేరు రాయను. వరంగల్‌కు ఉత్తరాన, గోదావరి వైపు పోయే దారిలో ఒక ఊరు, అంతవరకే. పాత పెంకులు బయటపడ్డాయని తెలిస్తే చాలు, గుప్తనిధులంటూ రాత్రిపూట గడ్డపారలతో దిగేవాళ్లు ఉన్నారు, వాళ్లకు దారి చూపించే ఉద్దేశం నాకు లేదు. రైతు, టీచర్, కుమ్మరి పెద్దాయన ఎవరో తెలియకుండా ఒకటి రెండు చిన్న వివరాలు మార్చాను. పెంకుల వివరాలు మాత్రం మార్చలేదు.

నేపథ్యం

పొలం చెరువు కట్ట కింద ఉంది. మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు ట్రాక్టర్లతో చెరువు మట్టి తెచ్చి చల్లించారు, ఆ తర్వాత కొన్నేళ్లకు ఎత్తుగా ఉన్న మూల భాగాన్ని జేసీబీతో చదును చేయించారు. పెంకులు గుట్టలుగా తేలింది ఈ చదును చేసినప్పుడే. ఊరికి కొంచెం దూరంలో రాళ్ల గుట్ట, దాని వాలులో పెద్ద పెద్ద రాళ్లు గుండ్రంగా పేర్చిన పాత సమాధులు ఉన్నాయి. ఊళ్లో వాటిని రాక్షసగుళ్లు అంటారు, మన దగ్గర చాలా చోట్ల అనే పేరే. ఇనుప యుగపు సమాధులు అవి, అందులో సందేహం లేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ ప్రాంతంలో పొలంలో పాత పెంకులు తేలడం వింతేమీ కాదు. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల లాంటి శాతవాహన కాలపు పెద్ద ఊళ్లు ఈ చుట్టుపక్కలవే. వాటి మధ్య బతికిన చిన్న ఊళ్లు ఎన్నో ఉండి ఉంటాయి, అవన్నీ ఇప్పుడు పాటిగడ్డలే, అంటే పాత ఊళ్లు పాడుబడి మిగిలిన దిబ్బలు. ఆ పాటిమన్ను బలమైన ఎరువని తరాలుగా బండ్ల మీద తోలి చెలకల్లో చల్లుకుంటున్నారు కాబట్టి పెంకు దొరికిన చోటే ఆ ఊరు ఉండేదని చెప్పలేం. ఈ అనుమానం నాకు మొదటి నుంచీ ఉంది.

వచ్చిన సమస్య

ఊరి బడిలో సోషల్ టీచర్ ఒకాయన, చరిత్ర మీద నిజమైన ప్రేమ ఉన్న మనిషి, పిల్లలతో కలిసి పెంకులు ఏరించి బడి ఎగ్జిబిషన్‌లో పెట్టారు. కింద ఒక చార్టు. అందులో మూడు మాటలు: కుండల లోపల అంతా నల్లగా ఉంది, అంటే లోపల ఏదో కాల్చారు, ఇవి అస్థికలు పెట్టిన కుండలు. కొన్నిటికి చిల్లులు ఉన్నాయి, రాక్షసగుళ్ల రాతి పలకలకు కొన్ని చోట్ల గుండ్రటి కన్నం ఉంటుంది కదా, ఇదీ ఆత్మ వచ్చిపోవడానికి పెట్టిన దారే. మందపాటి అంచులు చాలా ఉన్నాయి, కాబట్టి పెద్ద పెద్ద బానలు, శవాలను పెట్టే బానలు.

చార్టు ఫోటో వాట్సాప్‌లో తిరిగింది. వారం తిరక్కుండానే ఆ పొలంలో నాట్లకు ఆడకూలీలు రామన్నారు. కొందరు శాంతి చేయించమన్నారు, ఒకరు సగం ధరకు పొలం అడిగారు, ఇంకొకరు ప్రభుత్వం గుంజుకుంటుందని బెదిరించారు. రైతు ఇంట్లో టెన్షన్ మామూలుగా లేదు. టీచర్‌కు కూడా తన చార్టు వల్ల ఇంత అయిందనే బాధ ఉంది, నా దగ్గరికి రైతును తీసుకొచ్చింది ఆయనే.

ఆయన చూసిన మూడూ నిజంగా ఉన్నవే. లోపల నలుపు ఉంది, చిల్లులు ఉన్నాయి, మందపాటి అంచులు ఉన్నాయి. తేలాల్సింది ఒక్కటే, ఆ గుర్తులు ఎప్పుడు పడ్డాయి? కుండ బతుకులో దశలు ఉంటాయి: మట్టితో చేసినప్పుడు, కుమ్మరి వాములో కాల్చినప్పుడు, ఇంట్లో వాడినప్పుడు, పగిలినప్పుడు, పగిలాక మళ్లీ దేనికైనా వాడితే అప్పుడు, చివరికి మట్టిలో వందల ఏళ్లు పడి ఉన్నప్పుడు. పెంకు మీద ఉన్న ప్రతి మరకా, గీతా, చిల్లూ వీటిలో ఏదో ఒక దశలో పడినదే. వాడినప్పుడు పడిన గుర్తులే వాడుక గురించి మాట్లాడతాయి. మిగతావాటిని పక్కకు తీయకుండా వాడుక గురించి ఏం చెప్పినా అది ఊహే. అందుకే ఆకారాల జోలికి ముందు పోకుండా గుర్తుల వరసతో మొదలుపెట్టాలని అనుకున్నాను.

ముందుగా నలుపు

బడి వరండాలో టార్పాలిన్ పరిచి పెంకులన్నీ పోసి, ముందు నల్లవాటిని వేరు చేశాం. ప్రతి రకం నుంచి ఒక చిన్న ముక్క అంచును పటకారుతో చిదిమి, కొత్తగా విరిగిన చోట భూతద్దం పెట్టి చూడటం, ఇంతే పరీక్ష. పాత విరుపు మీద మట్టి పట్టి ఉంటుంది, దాని మీద ఏమీ కనిపించదు, అందుకే కొత్త విరుపు కావాలి.

లోపల నల్లగా, బయట ఎర్రగా ఉన్న పెంకుల్లో నలుపు పైపైన లేదు. గోడ మందంలో దాదాపు సగం దాకా దిగి, అక్కడి నుంచి మెల్లగా బూడిద రంగుగా, తర్వాత ఎరుపుగా మారింది. మూతి అంచు దగ్గర నలుపు బయటికి కూడా పొర్లి, ఒంకర టింకరగా ఒక గీత దగ్గర ఆగిపోయింది. లోపలి వైపు నున్నగా రుద్దిన మెరుపు ఇంకా ఉంది. ఇది వంటలోనో చితిలోనో వచ్చిన నలుపు కాదు, వాములో వచ్చినది. దక్షిణాదిలో ఇనుప యుగం నుంచి శాతవాహన కాలం దాకా కనిపించే నలుపు-ఎరుపు పాత్రలు ఇవి. కుండను బోర్లించి కాలిస్తే, లోపలికీ మూతికీ గాలి అందక మట్టిలోకి కార్బన్ పట్టి నల్లబడుతుంది, గాలి తగిలిన బయటి భాగం మట్టిలోని ఇనుము వల్ల ఎర్రగా తేలుతుంది అనేది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. రెండుసార్లు కాల్చారని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఏదైనా సరే, ఆ నలుపు కుమ్మరి చేసిన పని, కుండలో ఏం పెట్టారన్నది దానికి తెలియదు.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. నలుపు-ఎరుపు పాత్రలు సమాధుల్లో ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి అవి కనిపిస్తే సమాధే అనుకోవడం. కర్ణాటకలోని బ్రహ్మగిరిలో 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు సమాధుల్లోనూ దొరికాయి, పక్కనే జనం నివసించిన చోటా దొరికాయి. ఇంట్లో తిన్న గిన్నె లాంటిదే సమాధిలోనూ పెట్టేవారు. అందుకని పాత్ర రకం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు.

రెండో రకం నలుపు గరుకు ఎర్ర కుండల మీద ఉంది. ఇసుక బాగా కలిపిన మట్టి, పలచటి గోడ, గుండ్రటి అడుగు. నలుపు బయటి వైపు, భుజం నుంచి కిందికి, గోకితే వేలికి అంటేలా పైపైన. అడుగు మధ్యలో మాత్రం నలుపు లేదు, లేత బూడిద రంగులో ఉంది. కట్టెల పొయ్యి మీద వండినవాళ్లకు ఇది తెలిసిన గుర్తే: మంటకు మరీ దగ్గరగా ఉన్న చోట పట్టిన మసి కూడా కాలిపోతుంది, పక్కల మీద మిగులుతుంది. అడుగు ముక్కల లోపలి వైపు గుండ్రంగా తిరిగిన సన్నటి గీతలు, గరిటె తిప్పినవి. వీటిని వంట కుండలు అనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మూడో రకం నలుపు మచ్చలు మచ్చలుగా, చెట్టు కొమ్మల్లా పాకినట్టు ఉంది, పాత విరుపుల మీద కూడా ఉంది. విరుపు మీద ఉందంటే పగిలాక వచ్చిందే. తడి నేలలో మాంగనీస్ ఇలా పడుతుంది. నిర్ధారించుకోవడానికి తెలిసిన కాలేజీ ల్యాబ్‌లో చిన్న ఫర్నేస్‌లో రెండు రకాల ముక్కలూ 550 డిగ్రీల దాకా వేడి చేయించాను. మసి కాలిపోయి శుభ్రంగా ఎర్రటి పెంకు బయటపడింది, మాంగనీస్ మచ్చలు అలాగే ఉన్నాయి.

టీచర్ చార్టులో మొదటి మాట అక్కడితో పోయింది. ఆయన ఆ సాయంత్రమే చార్టు గోడ మీద నుంచి తీసేస్తానన్నారు. వద్దన్నాను, పని అయ్యాక దాని పక్కనే కొత్తది పెడదాం, పిల్లలు రెండూ చూడాలి అన్నాను.

పనికిరాని దారులు

మందపాటి అంచుల దగ్గర ఆకారంతోనే మొదలుపెట్టాల్సి వచ్చింది, వేరే దారి లేదు కాబట్టి. అంచు ముక్క ఉంటే పద్ధతి ఇది: దాన్ని చదునైన బల్ల మీద బోర్లించి, అంచుకీ బల్లకీ మధ్య వెలుతురు కనపడనంత వరకు ముందుకీ వెనక్కీ వంచుతూ పోతే కుండ గోడ అసలు ఎంత వాలుగా నిలబడేదో తెలుస్తుంది. తర్వాత ఒకే కేంద్రం నుంచి గీసిన వలయాల చార్టు మీద పెట్టి, ఏ వలయంతో వంపు కలిసిందో చూస్తే మూతి వెడల్పు వస్తుంది, ఆ వలయంలో ముక్క ఎంత వంతు ఉందో కూడా వస్తుంది. వలయంలో ఇరవయ్యో వంతు కూడా లేని ముక్కకు వెడల్పు చెప్పకపోవడమే మంచిది, రెండు పక్క వలయాలతోనూ కలిసినట్టే కనిపిస్తుంది.

ఈ కొలతలు తీసుకుని అచ్చయిన తవ్వకాల రిపోర్టుల్లోని బొమ్మలతో పోల్చాం. పోలిక దొరకడం కాదు సమస్య, ఎక్కువగా దొరకడమే సమస్య. ఒకే అంచు ముక్క ఒక బొమ్మలో నీళ్ల కుండ, ఇంకో బొమ్మలో ధాన్యం బాన, మరోచోట బోర్లిస్తే మూత. వాలు నాలుగైదు డిగ్రీలు తేడాగా గీస్తే గిన్నె మూత అయిపోతుంది. ఆ దారిలో ఎంత దూరం పోయినా మనకు ముందే ఉన్న అభిప్రాయమే బలపడుతుంది తప్ప కొత్తది తెలియదని అర్థమై అక్కడితో ఆపేశాను.

అయితే కొలతల వల్ల ఒక మేలు జరిగింది. శవాలు పెట్టే బానల అంచులు అనుకున్నవాటి వెడల్పు చాలా వరకు 20 సెంటీమీటర్ల లోపే వచ్చింది. అంత మందం, ఇంత చిన్న మూతి? మళ్లీ ఒక్కొక్కటీ చేతిలో తిప్పి చూస్తే అసలు సంగతి కనిపించింది: వీటికి పైన ఒక అంచు, కింద ఇంకో అంచు, రెండూ నునుపుగా ముగించినవే. నడుము సన్నగా లోపలికి వంగి ఉంది. గోడ కిందికి కొనసాగి విరిగిన జాడే లేదు, విరిగింది పక్కల్లోనే. కింది అంచు నేల మీద జరిపి జరిపి అరిగిపోయింది. లోపలి వైపు పూత లేదు, మెరుపు లేదు, ఎవరూ చూడని భాగం. ఇవి బానలు కాదు, కుదుర్లు. అడుగు గుండ్రంగా ఉండే కుండ నేల మీద నిలబడదు, మన ఇళ్లల్లో గడ్డితో చుట్టకుదురు పెట్టినట్టే వాళ్లు మట్టితో చేసి కాల్చి పెట్టుకున్నారు. పెంకుల్లో కుదురును అంచుగా పొరబడటం చాలా మామూలు విషయం, రెండు కొసలూ చూడకుండా వెడల్పు కొలిస్తే అలాగే అవుతుంది.

పనికిరాని రెండో దారి రసాయన పరీక్ష. కాల్చిన మట్టిలో సన్నటి రంధ్రాలు ఉంటాయి, వండిన కొవ్వు వాటిలోకి ఇంకి వేల ఏళ్లు నిలుస్తుంది, దాన్ని పిండి తీసి చదివితే మాంసమా, పాలా కూడా చెప్పొచ్చు. సింధు నాగరికత కుండల మీద ఈ పని జరిగింది. టీచర్ చాలా ఆశపడ్డారు. కానీ పిల్లలు ప్రేమగా ప్రతి పెంకునూ సబ్బు పౌడర్ వేసి బ్రష్‌తో తోమారు, ఎండబెట్టారు, నూనె చేతులతో పట్టుకున్నారు, ప్లాస్టిక్ కవర్లలో దాచారు. సబ్బు, చేతి జిడ్డు, ప్లాస్టిక్ నుంచి ఊరే రసాయనాలు అన్నీ ఆ పరీక్షలో తేలతాయి. డబ్బు పెట్టి చేయించినా ఏది పాతదో ఏది కొత్తదో విడదీయడం కష్టం, కాబట్టి పంపలేదు.

చిల్లులు

అసలు పని ఇక్కడ జరిగింది. చిల్లులున్న పెంకులన్నిటినీ ఒకే రకంగా చూడటం వల్లే ఆత్మ దారి అనే మాట పుట్టింది. చిల్లు ఎప్పుడు పడిందని అడిగితే అవి వేరు వేరు వస్తువులుగా విడిపోయాయి.

పచ్చి మట్టిలో పుల్లతో పొడిస్తే మట్టి అవతలి వైపుకు తోసుకుపోయి చిల్లు చుట్టూ చిన్న పెదవిలా లేస్తుంది, లోపలి గోడ నునుపుగా ఉంటుంది. కాల్చిన తర్వాత తొలిస్తే పెదవి ఉండదు, చిల్లు గరాటులా పైన వెడల్పుగా లోపలికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది, తిప్పిన గీతలు కనిపిస్తాయి, రెండు వైపుల నుంచీ తొలిస్తే మధ్యలో నడుము వస్తుంది. గోరుతో తడిమినా తేడా తెలుస్తుంది, పిల్లలకు పది నిమిషాల్లో వచ్చేసింది.

కాల్చాక తొలిచిన వాటిలో ఎక్కువ భాగం ఒక్కో ముక్కకు ఒక్కో చిల్లే, అదీ విరిగిన అంచుకు వేలెడు దూరంలోపు. అలాంటి రెండు ముక్కలు ఒకదానికొకటి అతికాయి, అతికితే పగులుకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా చిల్లులు. ఇవి మరమ్మతు చిల్లులు. కుండ పగులు విచ్చితే పారేయకుండా రెండు వైపులా తొలిచి తాడుతోనో నారతోనో బిగించి కట్టేవారు. అలా కట్టిన కుండలో నీళ్లు నిలవకపోయినా గింజలు నిలుస్తాయి. ఈ ముక్కలు మంచి నలుపు-ఎరుపు పాత్రలవి, మెరుపు పెట్టినవి, అంటే ఇంట్లో విలువ ఉన్నవి. ఈ రెండు ముక్కలను కలిపి పట్టుకున్నప్పుడు టీచర్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకూ ఈ సంచుల్లో అన్నిటికంటే ఇష్టమైనవి అవే.

కాల్చాక తొలిచినవే ఇంకొన్ని గుండ్రటి బిళ్లలు, మధ్యలో చిల్లు: పెంకును అరగదీసి చేసిన కదురు బిళ్లలు, నూలు వడికేటప్పుడు కదురు బరువుగా తిరగడానికి. చిల్లు లేని బిళ్లలు కూడా ఉన్నాయి, వాటిని పిల్లలు నన్నడక్కుండానే తొక్కుడు బిళ్లలన్నారు. తవ్వకాల రిపోర్టుల్లోనూ చాలాకాలంగా వాటిని ఆట బిళ్లలుగానే రాస్తున్నారు.

మిగిలినవి పచ్చి మట్టిలో పొడిచిన చిల్లులు. వీటిలో మళ్లీ రెండు రకాలు. ఒక రకం పక్క గోడ ముక్కలు, వేలు దూరేంత పెద్ద చిల్లులు, దూరం దూరంగా. అంచు లేదు, అడుగు లేదు, ఏది పైకో ఏది కిందికో కూడా తెలియని ముక్కలు. లోపల బూడిద పట్టిన నలుపు, బయట మామూలు ఎరుపు. కానీ బయటి వైపు ప్రతి చిల్లు దగ్గర నుంచీ ఒకే దిక్కుకు సన్నటి మసి చార లేచింది, చిల్లు దగ్గర వెడల్పుగా, పైకి పోయేకొద్దీ మొనదేలి. అన్ని ముక్కల మీదా ఇదే. వేడీ పొగా పైకే పోతాయి కాబట్టి ఆ చార చూపించేది పై దిక్కు. అంచు లేని ముక్కను ఎలా నిలబెట్టాలో మసే చెప్పింది, లోపల నిప్పు ఉందని కూడా అదే చెప్పింది.

ఈ ముక్కలు తీసుకుని దగ్గరి మండలంలో ఇంకా సారె తిప్పుతున్న కుమ్మరి పెద్దాయన దగ్గరికి పోయాం. నేను ముందే ఏమీ చెప్పలేదు, చెప్తే మర్యాదకు ఔననేస్తారు. ఆయన లోపల వేలితో రాసి చూసి "ఇది నీళ్లు మోసింది కాదు సారూ, నిప్పులు పోసుకున్నది. కుంపటి" అన్నాడు. అలాంటిది ఒకటి చేసి ఇవ్వమని అడిగితే రెండు చేశాడు. ఒకదాన్ని నీళ్ల కుండ మీద పెట్టి ఆవిరితో కుడుములు ఉడికించాం, ఒకదానిలో బొగ్గులు పోసి వాడాం. మొదటిసారి బొగ్గులతో చేసినప్పుడు పోలికే రాలేదు, చారలు పడలేదు, కుండ కొత్తది కావడం, బొగ్గు బాగా రాజేసి పొగ లేకుండా వేయడం రెండూ కారణమే. మామూలుగా ఇళ్లల్లో ఎలా వాడతారో అలా పుల్లలు, పిడక ముక్కలు కలిపి మళ్లీ మళ్లీ రాజేస్తే చిల్లుల పైన అవే మొనదేలిన చారలు వచ్చాయి. ఆవిరి పట్టిన దానికి నలుపు ఎక్కడా రాలేదు. దీని వల్ల అది కుంపటి అని రుజువైపోయిందని అనను. ఆవిరి కుండ కాదని, వడపోత కుండ కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. లోపల నిప్పు పెట్టిన పాత్ర, వంటకో చలికో సాంబ్రాణికో అన్నది మసి చెప్పదు.

ఇంకో రకం ఒకే ఒక్క ముక్క, అడుగు ముక్క, జొన్న గింజ పట్టేంత సన్నటి చిల్లులు దగ్గర దగ్గరగా. మసి లేదు. దీనికి నేను పేరు పెట్టలేదు. పోలండ్‌లో దాదాపు 7,000 ఏళ్ల నాటి ఇలాంటి చిల్లుల పెంకులు జున్ను వడగట్టినవని 2013లో నేచర్ పత్రికలో వచ్చింది, కానీ అది చిల్లులు చూసి చెప్పింది కాదు, మట్టిలో ఇంకిన పాలకొవ్వు ఆనవాళ్లు చూసి చెప్పింది. హరప్పా ఊళ్లల్లో దొరికే, చిల్లులున్న పొడుగాటి కుండల మీద ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. మా ముక్కను సబ్బుతో తోమేశారు కాబట్టి దాని చీటీ మీద "సన్న చిల్లుల అడుగు, మసి లేదు" అని మాత్రమే రాశాం.

శ్మశానమా, ఊరా

పాత్రల వాడుక తేలినా రైతు ప్రశ్న మిగిలే ఉంది. ఎందుకంటే పిల్లలు ఏరింది అందంగా ఉన్నవీ వింతగా ఉన్నవీ మాత్రమే, ఆ సంచుల్లో ఏది ఎక్కువ ఏది తక్కువ అన్న లెక్కకు విలువ లేదు. పైగా పెంకులు చెరువు మట్టితో వచ్చాయా, అక్కడివేనా?

తవ్వి చూడమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. తవ్వకానికి లైసెన్స్ ఉండాలి, లేకుండా ఒక్క గడ్డపార దెబ్బ వేసినా నేరం, దాన్ని మించి ఆ చోటు శాశ్వతంగా పాడవుతుంది. వారసత్వ శాఖకు రాతపూర్వకంగా తెలియజేసి, పొలం మీద తాళ్లతో చతురస్రాలు కట్టి, ఒక్కో చతురస్రంలో పైన కనిపించే ప్రతి ముక్కనూ, గోరంత ముక్కను కూడా, ఏరించాం. పూడిక మట్టి చల్లిన భాగంలో పెంకులు తక్కువ, ఉన్నవి అంచులు అరిగి గులకరాళ్లలా గుండ్రంగా అయినవి, నీళ్లలో దొర్లినవి. జేసీబీ కోసిన మూలలో పెంకులు కుప్పలు, విరుపులు పదునుగా. అదే మూలలో జేసీబీ వదిలిన కోతగట్టులో బూడిద కలిసిన మెత్తటి మట్టి పొర, దానిలో అడ్డంగా పరుచుకుని ఉన్న పెంకులు కళ్లకు కనిపిస్తున్నాయి. అవి అక్కడివే.

తర్వాత అతుకుల పరీక్ష. సమాధిలో కుండను నిండు కుండగానే పెడతారు, మట్టి బరువుకు అక్కడే నలిగి పగులుతుంది, కాబట్టి దాని ముక్కలన్నీ ఒకే చోట ఉంటాయి, కూర్చుని అతికిస్తే కుండ చాలా వరకు లేస్తుంది. ఇంట్లో పగిలిన కుండ ముక్కలు ఊడ్చి పారేస్తే తలా ఒక దిక్కు పోతాయి. పిల్లలు చాలా ఓపికగా కూర్చున్నారు, కానీ జతలు కొన్ని కలిశాయే తప్ప సగం కుండ కూడా లేవలేదు. జేసీబీ కొంత చెదరగొట్టి ఉండొచ్చు, అందుకే కోతగట్టు కింద కదలని చోట రాలిన వాటిని వేరుగా చూశాం, అక్కడా అంతే. ఎముక ముక్కలు కొన్ని దొరికితే వెటర్నరీ డాక్టర్‌కు చూపించాం, గుర్తుపట్టగలిగిన పళ్లన్నీ పశువులవి, మేకలవి లేదా గొర్రెలవి. మనిషివి లేవు. కాలం విషయంలో నలుపు-ఎరుపు ఒక్కటే ఉంటే ఏమీ అనలేకపోయేవాళ్లం, కానీ ఎర్రటి పూత కింద తెల్లటి గీతలున్న పెంకులు కూడా ఉండటంతో శాతవాహన కాలం వైపు మొగ్గు చూపాం.

ఇవన్నీ కలిపి చూసి నేను రాసిచ్చింది: పొలం మూలలో ఉన్నది జనం నివసించిన చోటు తాలూకు చెత్త, ఇంటి పాత్రలు, వంట, నిప్పు, నూలు, ఆట. గుట్ట వాలులో ఉన్నవి సమాధులే, అవి వేరు, వాటిని కదిలించొద్దు. రైతుకు నోటితో కూడా చెప్పాను, ఆ మూలలో లోతుగా తవ్వించకుండా పైపైన సాగు చేసుకోమని.

కాగితం కూలీలకు అక్కర్లేదు, వాళ్లను ఒప్పించింది ఒక పెంకు. పెద్ద కుండ పొట్ట ముక్క, అరచేయంత. వంపు బయటి వైపు మసి, ఆ మసి విరిగిన అంచుల మీదికి కూడా పొర్లింది, లోపల గిన్నెలా ఉన్న వైపు చిన్న చిన్న మాడు మచ్చలు. విరుపు మీద నలుపు అంటే ముందు మాంగనీస్ అనుమానమే రావాలి, కానీ చిన్న ముక్క వేడి చేస్తే కాలిపోయింది, మసే. పగిలాక ఆ ముక్కను నిప్పు మీద పెట్టారన్నమాట. బడి దగ్గరికి వచ్చిన ఒక పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి "ఇది మంగలం గదా, మా అవ్వ దీంట్లనే పేలాలు ఏంచేది" అంది. మిగతావాళ్లు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు. ఒక్క పెంకుతో శాస్త్రపరంగా ఏదీ నిలబడదు, నా రిపోర్టులో దానికి రెండు వాక్యాలే ఇచ్చాను. కానీ నాట్లు ఆ వారమే పడ్డాయి.

నేర్చుకున్నవి

ఇలాంటి పని చేసే టీచర్లకూ ఔత్సాహికులకూ నేను చెప్పేవి కొన్ని ఉన్నాయి. ఏరితే అన్నీ ఏరాలి, లేకపోతే ఏరకుండా ఫోటో తీసి చోటు రాసుకుని వదిలేయాలి. మంచివి మాత్రమే ఏరితే ఆ చోటు గురించి తర్వాత వచ్చేవాడికి అబద్ధం చెప్పినట్టే. చిల్లు కనపడగానే వడపోత అనో పూజ అనో రాయకుండా అది పచ్చి మట్టిలో పడిందా, కాల్చాక పడిందా అని మొదట రాయండి. నలుపు కనపడితే అది గోడలోకి దిగిందా, పైన ఉందా, విరుపు మీద కూడా ఉందా అని రాయండి. అంచు దొరికితే రెండో కొస చూడండి. చీటీ మీద కనిపించింది రాయాలి, మనకు అనిపించింది వేరే గీత కింద రాయాలి. మా బడిలో ఇప్పుడు చార్టుల్లో రెండు గడులు ఉన్నాయి, పిల్లలు రెండో గడిని చాలాసార్లు ఖాళీగా వదులుతున్నారు, మంచిదే.

చివరిది అన్నిటికంటే ముఖ్యం. దొరికినవాటిలో వంట కుండలవి, చిల్లుల పాత్రలవి కనీసం కొన్ని ముక్కలను కడగొద్దు. మట్టి అంటుకుని ఉండగానే, చేత్తో ముట్టకుండా, శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, అదే చోటి మట్టి గుప్పెడు విడిగా ఇంకో ఫాయిల్‌లో పెట్టి, నీడలో ఉంచండి. చుట్టూ మట్టిలో లేనిది పెంకులో ఉంటేనే అది కుండలో వండినదని ల్యాబ్ వాళ్లు చెప్పగలరు. చతురస్రాలు కట్టి ఏరినప్పుడు ఇంకో సన్న చిల్లుల ముక్క దొరికింది, దాన్ని ఇలాగే చుట్టి శాఖ వాళ్లకు అప్పగించాం.